జాగ్రత్త వేరు, గార్డు వేరు

మా నాచారంలో 'గార్డు' అన్న మాట వినబడని రోజు ఉండదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి గార్డు. రోడ్డు పక్క మొక్క చుట్టూ నిలబెట్టిన ఇనుప గూడు ట్రీ గార్డు. స్కూటరు చక్రం మీది రేకు మడ్‌గార్డు. పారిశ్రామికవాడలో ప్రెస్సు మిషను ముందు ఉండవలసిన జాలీ కూడా గార్డే. 'ఉన్న' అనకుండా 'ఉండవలసిన' అని ఎందుకు అన్నానో కొంతసేపటికి మీకే తెలుస్తుంది. ఇక ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్ననాడు ఈ మాట టీవీల్లోంచి, మొబైళ్లలోంచి, వీధి అరుగుల మీదనుంచి వినిపిస్తూనే ఉంటుంది.

అటువంటి ఒకనాడు నా పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తున్న మనవడు ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, గార్డు తీసుకున్నాడు అంటున్నారు కదా, అతని చేతికి ఎవరూ ఏమీ ఇవ్వలేదే?"

మంచి ప్రశ్న. కాళ్లకు, తొడకు, మోచేతికి కట్టుకునేవన్నీ గార్డులే కాబట్టి, 'తీసుకోవడం' అంటే ఎవరైనా అందించాలి కదా అని వాడి తర్కం. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. క్రీజులోకి వచ్చిన బ్యాట్స్‌మన్‌కు తన వెనుక ఉన్న మూడు వికెట్లు కనబడవు. బౌలరు వైపే చూస్తూ నిలబడాలి గనుక, తాను కాపాడవలసిన వస్తువు సరిగ్గా ఎక్కడ ఉన్నదో అతడు కంటితో చూసుకోలేడు. అవతలి కొసన నిలుచున్న అంపైరుకు మాత్రం అది స్పష్టంగా కనబడుతుంది. అందుకని బ్యాటును నిలువుగా పట్టి, "లెగ్ స్టంప్" అనో "మిడిల్" అనో అడుగుతాడు. అంపైరు చేతితో అటూ ఇటూ సైగ చేసి సరిచేస్తాడు. అక్కడ బూటుతో ఒక గీత గీసుకుంటాడు. గార్డు తీసుకోవడం అంటే ఇంతే. వంద పరుగులు చేసిన తరువాత కొందరు మళ్లీ కొత్తగా గార్డు అడుగుతారు. అంత ఆడినవాడికి ఇంకా తెలియదా అని మనకు అనిపించవచ్చు. పాత గీత చెరిగిపోయి ఉంటుందని వాళ్లకు తెలుసు.

ఈ మాటకు వైద్యుడిగా నాకు మరొక బంధుత్వం ఉంది. ఇంగ్లీషులో గార్డు, వార్డు అనేవి తోబుట్టువులు. ప్రాచీన జర్మానిక్ భాషల్లోని ఒకే ధాతువు, ఫ్రెంచి దారిన వచ్చి గార్డు అయింది, నేరుగా వచ్చి వార్డు అయింది. రెండింటికీ కనిపెట్టుకుని ఉండడమే మూలార్థం. జీవితంలో సగభాగం వార్డుల్లో గడిపినవాడిని కనుక, ఈ గార్డు సంగతి మాట్లాడే హక్కు నాకూ కొంచెం ఉన్నదనుకుంటాను.

మన తెలుగులో దీనికి 'కాపు' అనే చక్కని మాట ఉంది. అయితే పంట కాపాడడానికి మన రైతు రెండు పనులు చేశాడు. ఒకటి మంచె, రెండు కంచె. మంచె మీద మనిషి కూర్చుంటాడు. వడిసెల తిప్పుతాడు, కేకలు వేస్తాడు. అతడు మేలుకుని ఉన్నంతసేపే ఆ కాపు పనిచేస్తుంది. కంచెకు నిద్ర లేదు. మంచె మీద మనిషి ఎంత చురుకైనవాడైనా సరే, రైతు కంచె వేయడం మానలేదు. 'జాగ్రత్త' అన్న మాటలో ఉన్నదే 'మేలుకుని ఉండడం'. జాగ్రత్, జాగరణ, జాగరూకత అన్నీ ఆ కుటుంబంలోవే. మరి గార్డు? మెలకువ చెదిరిన ఆ ఒక్క క్షణం కోసం ఉన్నది. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటున్నాం. బిడ్డ బండి తీస్తుంటే "జాగ్రత్త నాన్నా" అని చెప్పి, రక్షణ కల్పించేసినట్టు తృప్తి పడుతున్నాం. అది దీవెన. దీవెన మంచిదే. కాని దానికి పట్టీ, బకిల్ ఉండవు.

క్రికెట్ చరిత్ర ఈ తేడాను ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 1962లో వెస్టిండీస్ పర్యటనలో, బార్బడోస్ జట్టుతో మ్యాచ్‌లో, మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి పుర్రె పగిలింది. శస్త్రచికిత్సలతో బతికి బయటపడ్డాడు; ప్రత్యర్థి దేశపు కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ స్వయంగా రక్తమిచ్చాడు. కాంట్రాక్టర్ మళ్లీ టెస్టు ఆడలేదు. అప్పటికి హెల్మెట్ వాడుకలో లేదు. ఆ తరువాత 16 ఏళ్లకు, 1978లో, అదే బ్రిడ్జ్‌టౌన్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో హెల్మెట్ పెట్టుకుంటే పిరికివాడని ఎగతాళి చేసినవారున్నారు.

అంతకంటే నన్ను బాధపెట్టేది రమణ్ లాంబా ఉదంతం. 1998 ఫిబ్రవరి, ఢాకాలో క్లబ్ మ్యాచ్. బ్యాట్స్‌మన్‌కు అతి సమీపంలో, షార్ట్ లెగ్‌లో నిలబడడానికి వచ్చాడు. హెల్మెట్ తెప్పించుకోమంటే, ఓవరులో మిగిలినవి కొద్ది బంతులేగా అనుకున్నాడు. ఆ కొద్ది బంతుల్లోనే ఒకటి నుదుటికి తగిలింది. మైదానం నుండి నడిచే వెళ్లాడు. పుర్రె లోపల రక్తస్రావమై, మూడు రోజులకు మరణించాడు. వయస్సు 38. మీరు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నవాళ్లు, పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నవాళ్లు, పోలీసు కనబడగానే నెత్తికి ఎక్కించుకుని పట్టీ పెట్టుకోనివాళ్లు లెక్కకు మించి కనబడతారు. ఆపి అడిగితే అందరిదీ లాంబా సమాధానమే. "ఇక్కడిదాకానే కదండీ." పట్టీ బిగించని హెల్మెట్, తల నేలను తాకకముందే ఎగిరిపోతుంది. అది తలకు గార్డు కాదు, చలానాకు గార్డు.

ఫిలిప్ హ్యూస్ విషయం మీకు గుర్తుండే ఉంటుంది. 2014 నవంబరు 25న సిడ్నీలో బౌన్సరు తగిలినప్పుడు అతని తలకు హెల్మెట్ ఉంది. బంతి హెల్మెట్ రక్షించే చోటుకు దిగువన, చెవి కింద మెడకు తగిలింది. మెదడుకు రక్తం తీసుకుపోయే వెర్టిబ్రల్ ధమని చీలింది. రెండు రోజులకు మరణించాడు. 26వ పుట్టినరోజు ఇంకా మూడు రోజులే ఉంది. ఆ తరువాత హెల్మెట్ వెనుక మెడకు అడ్డుగా చిన్న నెక్ గార్డు వచ్చింది. దాన్ని ధరించాలో వద్దో ఆటగాళ్ల ఇష్టానికే వదిలేశారు. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలిన రోజున అతడు అది ధరించలేదు, ఇబ్బందిగా ఉంటుందని. కాసేపటికి మళ్లీ బ్యాటింగుకు వచ్చాడు. మర్నాటికి మెదడు అదిరిన లక్షణాలు బయటపడి, ఆట నుండి తప్పుకోవలసి వచ్చింది. (తలకు దెబ్బ తగిలినవాడు లేచి నడిచాడు గనుక ఏమీ కాలేదని అనుకోకూడదు. వాంతి, మగత, తికమక మాటలు, కనుపాపల్లో తేడా వీటిలో ఏది కనబడినా, 24 గంటల తరువాత కనబడినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ రోజుకు ఆట ముగిసినట్టే.) ఆస్ట్రేలియా బోర్డు చివరకు 2023 అక్టోబరు నుండి ఫాస్ట్ బౌలింగు ఎదుర్కొనేవారికి నెక్ గార్డును తప్పనిసరి చేసింది. అంటే ప్రపంచంలో అత్యంత ఏకాగ్రత గల మనుషులకు కూడా, వాళ్ల ఏకాగ్రతను నమ్ముకోవద్దని చెప్పింది.

ఇప్పుడు మన వీధికి వద్దాం. ఇక్కడ కుర్రాళ్లు టెన్నిస్ బంతితో మొదలుపెట్టి, పన్నెండు పదమూడేళ్లకు కార్కు బంతికి మారుతారు. బంతి మారుతుంది గాని, ఒంటి మీది బట్టలు మారవు. జట్టు మొత్తానికి ఒక్క ఎల్ గార్డు ఉంటుంది. పొత్తికడుపు కింద పెట్టుకునేది. అవుటైనవాడు తీసి ఇస్తే వచ్చేవాడు పెట్టుకోవాలి. అలా పంచుకునే గార్డు వల్ల పంచుకునే గజ్జి, తామర నా క్లినిక్కుకు ఎన్నిసార్లు వచ్చాయో చెప్పలేను. అది చిన్న విషయమే. పెద్ద విషయం వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక పద్నాలుగేళ్ల అబ్బాయిని తండ్రి రాత్రి పదింటికి నా దగ్గరకు తీసుకువచ్చాడు. కడుపునొప్పి అన్నారు. అన్నం తినలేదట, రెండుసార్లు వాంతి అయిందట. పడుకోబెట్టి పొట్ట చూస్తే మెత్తగా ఉంది. తండ్రిని బయటకు పంపి అడిగాను. అప్పుడు చెప్పాడు, కళ్లలో నీళ్లతో. ఉదయం పదకొండు గంటలకు బంతి తగిలింది. నలుగురిలో నవ్వుతారని చెప్పలేదు. ఇంట్లో అమ్మకు చెప్పలేక, నాన్న వచ్చేదాకా ఆగి, ఆయనకూ కడుపునొప్పి అని చెప్పాడు. అప్పటికప్పుడు సర్జన్ దగ్గరకు పంపాను. ఒక వృషణాన్ని తొలగించవలసి వచ్చింది. మెలితిరిగిన వృషణానికి రక్తప్రసారం ఆగిపోతే, దాన్ని కాపాడడానికి ఉన్న వ్యవధి సుమారు ఆరు గంటలు. ఆ పిల్లవాడి ఆరు గంటలను బంతి తినలేదు, సిగ్గు తినేసింది. అక్కడ దెబ్బ తగిలి నొప్పి గంటలోగా తగ్గకపోయినా, వాపు వచ్చినా, వాంతి అయినా తెల్లవారేదాకా ఆగవద్దు. తండ్రులారా, ఈ ఒక్క ముక్క మీ పిల్లవాడికి సూటిగా చెప్పండి. వాడు మీకు చెప్పడానికి సిగ్గుపడకుండా ఉండాలంటే, మీరు వాడితో మాట్లాడడానికి సిగ్గుపడకూడదు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మాత్రం క్రికెట్ కాదు, మా అపార్ట్‌మెంటు గార్డు.

ఆయన కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. గేటు ఎడమచేతితో తీస్తాడు. వాచ్‌మన్ కాకముందు ఒక చిన్న షెడ్డులో ప్రెస్సు ఆపరేటరు. రేకును డై మీద పెట్టి పెడల్ తొక్కితే పైనుండి ర్యామ్ దిగి కొడుతుంది; పీసు తీసి పక్కన పడేసి మరో రేకు పెట్టాలి. ఆ మిషనుకు ముందు ఒక జాలీ గార్డు ఉండేదట. అది ఉంటే పీసు తీయడం ఆలస్యమవుతోందని, పీసుకు ఇంత అని ఇచ్చే కూలి తగ్గిపోతోందని, విప్పి మూలన పెట్టారు. విప్పమన్నది సూపర్‌వైజరు, విప్పింది తానే అని నిజాయితీగా చెబుతాడు. నైట్ షిఫ్టు, తెల్లవారుజాము నాలుగు గంటలు.

అప్పట్లో కుట్లు విప్పడానికి ఆయన నా క్లినిక్కుకు వచ్చేవాడు. మొదటిసారి కట్టు విప్పి చూసి నేనన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "కాస్త జాగ్రత్తగా ఉండొద్దటయ్యా?" ఆయన తల వంచుకుని, "తప్పయిపోయింది సార్" అన్నాడు. అప్పటికి ఆ మాట ఆయనతో యజమాని అన్నాడు, భార్య అన్నది, తోటివాళ్లు అన్నారు. చదువుకున్న డాక్టరును నేనూ అన్నాను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ మాట తలచుకుంటే నాకు సిగ్గు వేస్తుంది. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టే కాలం దాదాపు అర సెకను. నిమిషానికి 60 సార్లు కొట్టే ప్రెస్సులో ర్యామ్ పైనుండి కిందికి దిగడానికి పట్టేదీ అర సెకనే. బ్యాట్స్‌మన్ ఒక ఓవరులో మహా అయితే ఆరు బంతులు ఎదుర్కొంటాడు. మధ్య మధ్య గ్లవ్స్ సర్దుకుంటాడు, గంటకోసారి నీళ్లు తాగుతాడు, సాయంత్రానికి వంద బంతులు ఆడితే గొప్ప ఇన్నింగ్స్ అంటాం. నిమిషానికి పది పీసులే అనుకున్నా, ఎనిమిది గంటల షిఫ్టులో ప్రెస్సు ఆపరేటరు చెయ్యి ఆ ర్యామ్ కిందికి 4,800 సార్లు వెళ్లి వస్తుంది. వందకు బ్యాట్స్‌మన్ ఒంటినిండా గార్డులు కట్టి పంపేవాళ్లం, 4,800కు ఈయనకు 'జాగ్రత్త' అన్న ఒక్క మాట ఇచ్చి పంపాం. నాలుగువేల ఏడువందల తొంభైతొమ్మిది సార్లు ఆయన జాగ్రత్తగానే ఉన్నాడు.

కర్ణుడికి కవచం ఒంటితో పుట్టింది. దాన్ని కోసి ఇచ్చినవాడూ కర్ణుడే. అయినా మనం ఆ కథ చెప్పుకునేటప్పుడు కర్ణుడిది అజాగ్రత్త అనం. బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగిన ఇంద్రుణ్ని కూడా గుర్తుపెట్టుకుంటాం. షెడ్డులో గార్డు విప్పినవాడి చేతి వెనుక పీసు రేటు ఉన్నది, టార్గెట్ ఉన్నది.

చట్టం ఈ విషయాన్ని మనకంటే బాగా అర్థం చేసుకుంది. 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ చూడండి. ప్రమాదకరమైన యంత్రభాగాలకు గట్టి కంచె ఉండాలి, యంత్రం తిరుగుతున్నంతసేపూ అది తన స్థానంలోనే ఉండాలి అనేది. కంచె! మన రైతు మాటే. ఆ కంచెను కార్మికుడు కావాలని చెడగొట్టకూడదనే నియమం కూడా అదే చట్టంలో 111వ సెక్షన్‌గా ఉండేది, కాదనను. కాని వరుస చూడండి, మొదట కంచె వేయవలసిన బాధ్యత, చాలా దూరాన కార్మికుడి బాధ్యత. వాడుకలో మనం ఈ వరుసను తిరగేశాం.

మరొక చట్టం, 1923 నాటి పరిహార చట్టం, వేళ్లకు శాతాలు కట్టింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఒక్కొక్కటి 7. ఈ పట్టిక తెలియని వైద్యుడు ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఉండడు. 14 అని రాసే ముందు ఆ వేలితో ఆ మనిషి ఏమేమి చేసేవాడో ఆలోచించకుండా ఉండడం అలవాటు చేసుకోవాలి. లేకపోతే కలం కదలదు.

గార్డు ఉంటే పని కుంటుపడుతుందన్న వాదనకు సమాధానం ఎప్పటినుంచో ఉంది. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే దిగే ప్రెస్సులున్నాయి. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే డై కింద ఉండవు కదా. వెలుతురు తెరలున్నాయి, మధ్యలో చెయ్యి అడ్డు వస్తే యంత్రం ఆగిపోతుంది. కొన్నిచోట్ల ఒక బటన్‌ను టేపుతో శాశ్వతంగా నొక్కి ఉంచుతారని కూడా నాకు తెలుసు. అలా టేపు వేసిన చోట, వేసినవాణ్ని తిట్టే ముందు, ఆ రోజు టార్గెట్ ఎంతో అడగండి. మీరు యజమానులైతే మిమ్మల్ని మీరే అడగండి. బ్యాట్స్‌మన్‌కు తన వికెట్లు కనబడవు. అవతలి కొసన నిలబడ్డవాడికే కనబడతాయి. షెడ్డులో ఆ అవతలి కొసన ఉన్నది మీరు.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా రాయకపోతే నా బాధ్యత తీరదు. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండెకంటే ఎత్తుగా పట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం చల్లకండి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచండి. వేలు నేరుగా ఐసును తాకకూడదు. తాకితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, అతికించడానికి పనికిరాదు. మిషనులో చిక్కిన ముక్కను వదిలేసి రాకండి, ఎంత నలిగి ఉన్నా తీసుకురండి. పనికివస్తుందో లేదో సర్జన్ చెబుతాడు. ఏ ఆసుపత్రిలో చేతి శస్త్రచికిత్స చేస్తారో ప్రమాదం జరగకముందే కనుక్కుని, షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

మా గార్డు వేళ్లను ఆ తెల్లవారుజామున పక్క టీకొట్టు నుండి తెచ్చిన ఐసుముక్కల మధ్య నేరుగా పెట్టి తీసుకువెళ్లారట. ఎవరికీ తెలియదు మరి, ఎవరూ చెప్పలేదు.

మొన్న ఆదివారం ఉదయం మా మనవడు బ్యాటు భుజాన వేసుకుని కిందికి దిగాడు. నేను బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాను. ఆయన గేటు తీయకుండా అడ్డంగా నిలబడి, "గార్డు పెట్టుకున్నావా బాబూ?" అని అడిగాడు. వాడు సిగ్గుపడి, మళ్లీ మెట్లెక్కి పైకి వచ్చాడు.